కొడుక్కి కాన్వెంటు, కూతురికి ఊరి బడా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది పల్నాడు జిల్లాలో చిన్న పల్లె. 2 ఎకరాలు సొంతం, 3 ఎకరాలు కౌలు. మిర్చి, పత్తి వేస్తాం. బాబు టౌన్‌లో ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి అయిపోయాడు. ఫీజు, బస్సు, పుస్తకాలు కలిపి ఏడాదికి 40 వేలు దాటుతోంది. పాపని ఈ జూన్‌లో ఒకటో తరగతిలో వేయాలి. మొన్న మా ఊరి బడి మేడమ్ ఇంటికొచ్చారు. ఆ బడిలో ఐదు తరగతులకీ ఆవిడ ఒక్కరే. పిల్లలు 18 మంది. పాపని వెయ్యండమ్మా, పిల్లలు పెరిగితే ఇంకో టీచర్‌ని ఇస్తారు, తగ్గితే బడి ఉంటుందో లేదో అన్నారు. మా అత్తయ్య ‘ఆడపిల్లే కదా, ఊళ్లో బడి చాల్లే’ అంటున్నారు. మావారు ఏదీ తేల్చరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అన్నయ్య మాత్రం ‘గవర్నమెంటు బడిలో వేస్తే దాని లైఫ్ పాడవుతుంది. ఆ బడులు ఈ రోజుల్లో ఎవరిక్కావాలి? మన ట్యాక్సులు దండగ’ అని ఫోన్లో కోప్పడ్డాడు. నేనూ అన్నయ్యా జెడ్పీ హైస్కూల్లోనే చదివాం. 18 మంది కోసం ఊరికి ఒక బడి అవసరమా? దాన్ని నిలబెట్టడానికి నా కూతుర్ని పంపాలా? రాత్రుళ్లు ఇదే టెన్షన్.

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాట సంగతి చూద్దాం. అది తేలకుండా మిగతావి తేలవు.

‘ఆడపిల్లే కదా’ అన్న కారణంతో మాత్రం పాపని ఊరి బడిలో వేయకండి. ఆ ఒక్క కారణం పక్కన పెట్టి మళ్లీ ఆలోచించండి. బడి బాగుంటే అది బాబుకీ బాగుంటుంది. బాగాలేకపోతే పాపకీ వద్దు. చాలా ఊళ్లలో పొద్దున్నే చూస్తుంటాం, కొడుకు బస్సెక్కుతాడు, కూతురు సంచి తగిలించుకుని నడిచి వెళ్తుంది. ఐదారేళ్ల పిల్లకి ఫీజుల లెక్కలు తెలియవు. అన్నకి టై, బూట్లు ఉన్నాయనీ తనకి లేవనీ మాత్రం బాగా తెలుస్తుంది. అత్తగారితో వాదం పెట్టుకోనక్కర్లేదు. ‘బడి బాగుంటే ఇద్దర్నీ అక్కడే చదివిద్దాం అత్తయ్యా’ అనండి. ఆవిడ వెంటనే ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోతే ఆ మాటలో బడి గొప్పతనం ఎంతో, ఆడపిల్ల మీద చులకన ఎంతో మీవారికి కూడా అర్థమవుతుంది.

ఇక మీ అన్నయ్య అన్నది. గవర్నమెంటు బడికెళ్తే లైఫ్ పాడవుతుందా? దీన్ని మన దగ్గరే ఒకసారి పెట్టి చూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి 2012 దాకా 5 జిల్లాల్లోని 180 గ్రామాల్లో ఒక ప్రయోగం జరిగింది. ‘మీ పిల్లల్ని ప్రైవేటు బడికి పంపండి, ఫీజు మేం కడతాం’ అని చెప్పి, దరఖాస్తు పెట్టుకున్నవాళ్లలో లాటరీ తీశారు. లాటరీ తగిలిన పిల్లలు ప్రైవేటుకి వెళ్లొచ్చు, తగలనివాళ్లలో ఎక్కువమంది గవర్నమెంటు బడిలోనే ఉండిపోయారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఆ పిల్లలకి రెండేళ్ల తర్వాత ఒకసారి, నాలుగేళ్ల తర్వాత ఒకసారి పరీక్షలు పెట్టి చూశారు. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు, సోషల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక్క హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు.

లాటరీ ఎందుకు తీశారో మీ అన్నయ్యకి చెప్పండి. మామూలుగా ప్రైవేటు బడిలో చేరే పిల్లల ఇళ్లలో చదువూ డబ్బూ ముందే కాస్త ఎక్కువగా ఉంటాయి. వాళ్లకి మార్కులొస్తే ఆ పేరంతా బడికి పోతుంది. లాటరీ తీస్తే రెండు వైపులా ఒకేలాంటి ఇళ్ల పిల్లలుంటారు, అప్పుడు బడి సొంతంగా ఏం చేస్తోందో బయటపడుతుంది.

ఆ లెక్కల్లోనే గవర్నమెంటుకి తలవంపులు తెచ్చే సంగతి కూడా ఉంది, దాచను. ఆ పల్లెల్లో ప్రైవేటు బడి ఒక్కో పిల్ల మీద పెట్టిన ఖర్చు గవర్నమెంటు ఖర్చులో మూడో వంతు కూడా లేదు. తెలుగుకీ లెక్కలకీ తక్కువ టైమ్ ఇచ్చి కూడా అవే మార్కులు తెప్పించారు. మూడింతలు పైగా ఖర్చు పెట్టి సమానంగా నిలబడటం గొప్పేమీ కాదు. అప్పటి నుంచి బడులు రెండు వైపులా మారాయి కూడా. కానీ ఏటా 40 వేలు కట్టే కౌలురైతు ఇంటికి ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. ఫీజు కట్టినంత మాత్రాన చదువు పెరగదు.

ఇంగ్లీషు బెంగ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఒక చిన్న మాట. ఊరి బడి పుస్తకం ఒకటి తెప్పించుకుని తెరిచి చూడండి. మన రాష్ట్రంలో కొన్నేళ్లుగా ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు వేసి ఇస్తున్నారు. పది చదివిన తల్లి సాయంత్రం పక్కన కూర్చుని చెప్పగల పుస్తకం అది. బాబు పుస్తకాలు మీరు అలా చెప్పగలుగుతున్నారా, లేక ట్యూషన్ పెట్టారా? ఉత్తరంలో రాయలేదు గానీ, నాకు అనుమానమే.

అయితే మీ ఊరి బడిలో అసలు ఇబ్బంది ఇంగ్లీషు కాదు. ఐదు తరగతులకి ఒక్క టీచర్. నేను పాఠాలు చెప్పి బతికినదాన్ని, అదెంత కష్టమో నాకు తెలుసు. ఒకటో తరగతి వాళ్లకి అక్షరాలు దిద్దిస్తుంటే నాలుగో తరగతి వాళ్లు భాగహారంలో ఆగిపోతారు. టీచర్‌కి జ్వరం వచ్చినా, మండలంలో మీటింగ్ పడినా ఆ రోజు బడి సగం లేనట్టే. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకి ఇద్దరు టీచర్లుండాలి. 18 మంది ఉన్న బడికీ అదే లెక్క. చిన్న బడులకి చాలాచోట్ల ఒక్కరితోనే సరిపెడుతున్నారు. మేడమ్ ‘పిల్లలు పెరిగితే ఇస్తారు’ అన్నది ఆవిడకి పైవాళ్లు చెప్పిన లెక్క. టీచర్ లేరని పిల్లలు రారు, పిల్లలు రారని టీచర్‌ని ఇవ్వరు. ఊరి బడులు ఇలాగే ఖాళీ అయిపోయాయి.

కాబట్టి ఆవిడ ఇంటికొచ్చి అడిగారన్న మొహమాటంతో ఒప్పుకోకండి. ఒక రోజు చెప్పాపెట్టకుండా పదిగంటలప్పుడు వెళ్లి వెనక కూర్చోండి. రెండో తరగతి పిల్లని పిలిచి ఏదైనా నాలుగు లైన్లు చదవమనండి. నోట్‌బుక్కులు తీసి చూడండి, ఎర్ర ఇంకు ఎప్పటిదో తేదీ ఉంటుంది. మరుగుదొడ్డిలో నీళ్లొస్తున్నాయో లేదో పాప కోసం తప్పక చూడాలి, ఆడపిల్లలు బడి మానేయడానికి అది ఇప్పటికీ ఒక కారణం. అన్నం వడ్డించేదాకా ఉండి ఒక ముద్ద తినండి. ఇన్ని చూశాక, టౌన్‌లో బాబు స్కూలుకి కూడా వెళ్లి ఇవే అడగండి. పాఠం చెప్పే టీచర్ ఏం చదివారు, నిరుడున్నవాళ్లే ఈ ఏడూ ఉన్నారా? మీ ఊరి మేడమ్ డీఎస్సీ రాసి నెగ్గి వచ్చినావిడ. 2025లో 16,347 పోస్టులకి మెగా డీఎస్సీ పడితే ఎంతమంది పోటీపడ్డారో మీ బంధువుల్లోనే ఎవర్నడిగినా చెబుతారు. బాబు టీచర్ జీతమెంతో కనుక్కుంటే ప్రతి జూన్‌లో కొత్త మొహాలు ఎందుకు కనిపిస్తాయో తెలిసిపోతుంది. ఫీజు కడుతున్నవాళ్లకి అడిగే హక్కుంది, ఎందుకనో మనం అక్కడ నోరు విప్పం.

పక్క ఊళ్లో తరగతికో టీచర్ ఉన్న ప్రాథమిక పాఠశాల ఉందేమో కూడా వాకబు చేయండి. 2025లో బడుల్ని మళ్లీ సర్దినప్పుడు అలాంటివి మోడల్ ప్రైమరీ స్కూళ్లని పెట్టారు. ఊళ్లో బడి పాపకి చాలదనిపిస్తే టౌన్ బస్సు కంటే ముందు చూడాల్సింది దాన్ని. గవర్నమెంటు బడి అంటే మీ ఇంటి వెనకున్న ఆ రెండు గదులే అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు మీ పెద్ద ప్రశ్న. 18 మంది కోసం ఊరికి బడి ఎందుకు?

ఆ 18 మంది ఎవరో ఒకసారి పేర్లు రాసి చూడండి. ఆటో డబ్బులు లేని ఇల్లు, నాన్న లేని పిల్ల, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న వాడు, చెవులు సరిగా వినపడని పిల్లాడు ఉంటారు. టౌన్‌లో స్కూలు వీళ్లలో ఎవర్నైనా ఏదో ఒక సాకుతో కాదనగలదు. సీట్లు లేవనొచ్చు, ఫీజు బాకీ ఉందని టీసీ ఆపొచ్చు. ఊరి బడి కాదనలేదు. పుట్టినతేదీ కాగితం లేకపోయినా, టీసీ లేకపోయినా, ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాల్సిందేనని చట్టం. మీ చేలో మిర్చి కోతకి వలస వచ్చే కుటుంబాలున్నాయి కదా, వాళ్ల వెంట పిల్లలుంటారు. ఆ రెండు మూడు నెలలు వాళ్లు కూర్చోవడానికి మీ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క చోటు ఆ బడి. లేకపోతే వాళ్లుండేది మీ మిర్చి కల్లంలో, చేతిలో గోతంతో.

కాదనడానికి వీల్లేని చోటు ఒకటి ఊళ్లో ఉండటం మీకూ అక్కరకొచ్చేదే. కరోనా ఏడాది గుర్తుందా? పనులు పోయాయి, ఫీజులు కట్టలేకపోయారు, దేశమంతటా ఎంతోమంది పిల్లలు ప్రైవేటు నుంచి గవర్నమెంటు బడికి తిరిగొచ్చారు. ఆ బడులు అప్పుడు లేకపోతే ఆ పిల్లలు ఎక్కడికి వెళ్లేవారు? మిర్చి ధర పడిపోయిన ఏడు కౌలు కట్టాలా, బస్సు ఫీజు కట్టాలా అన్న పరిస్థితి మీ ఇంటికీ రావచ్చు. రాకూడదనే కోరుకుంటాను. వస్తే మాత్రం పిల్లల చదువు ఆగకుండా చూసేది ఆ బడే. మీకు అవసరం పడే రోజున అది తెరిచి ఉండాలంటే, అవసరం లేని రోజుల్లో కూడా ఎవరో ఒకరు దాని బాగోగులు చూస్తుండాలి.

ట్యాక్సులు దండగ అన్న మాటకి వస్తే, ఇది పాత వాదనే. 1911లో గోపాలకృష్ణ గోఖలే పిల్లలందరికీ ప్రాథమిక విద్య కోసం ఇంపీరియల్ శాసనసభలో బిల్లు పెట్టాడు. మరుసటి ఏడు దాన్ని 38 ఓట్లు వ్యతిరేకంగా, 13 ఓట్లు అనుకూలంగా పడగొట్టారు. వద్దన్నవాళ్లలో తెల్ల అధికారులే కాదు, మన భూస్వాములూ ఉన్నారు. అందరూ బడికిపోతే పొలం పనులు ఎవరు చేస్తారన్నది వాళ్ల బెంగ. మీ ఊళ్లో ఆ కాలపు ముసలివాళ్లు ఎవరూ ఇప్పుడు లేకపోవచ్చు, ఆ బెంగ మాత్రం కూలి రేటు పెరిగినప్పుడల్లా ఏదో ఒక అరుగు మీద వినపడుతూనే ఉంటుంది. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం పదేళ్లలో 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఇవ్వడానికి ప్రయత్నించమంది. అది చట్టంగా అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. అరవై ఏళ్లు పట్టింది. మధ్యలో 1993లో, 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తేల్చిన కేసు ‘ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’. తమాషా ఏమిటంటే అది పల్లె బడి గురించి వేసిన కేసు కాదు, ప్రైవేటు కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల గొడవ. డబ్బు పోసి సీట్లు కొనుక్కునే లోకం గురించి వాదిస్తూ వాదిస్తూ, డబ్బు లేని పిల్లల హక్కు దగ్గరికి వచ్చి చేరారు.

ట్యాక్సు మీ అన్నయ్య ఒక్కడే కట్టడం లేదు. మీ చేలో కోతకొచ్చే కూలీ ఫోన్ రీచార్జి చేయించుకున్నా జీఎస్టీ పడుతుంది. పైగా అన్నయ్య చదివింది జెడ్పీలోనే అని మీరే రాశారు. ఆయన్ని ఆ రోజు బెంచీ మీద కూర్చోబెట్టిన ఖర్చు ఎవరి ట్యాక్సుల్లోంచి వచ్చిందో అడగండి. కోపంగా కాదు, రాఖీ కట్టేటప్పుడు నవ్వుతూ అడగండి.

చదువుకున్న ఒక్కరి లాభం ఆ ఒక్కరితో ఆగదు, అందుకే అది అందరి ఖర్చు. 1817లోనే, ఇప్పటి కేరళలో ఉన్న తిరువిదాంకూరు రాజ్యపు రాణి గౌరీ పార్వతీబాయి ప్రజల చదువు ఖర్చు రాజ్యమే భరించాలని ఉత్తర్వు ఇచ్చింది. దాంతోనే అన్నీ జరిగిపోలేదు. తర్వాతి కాలంలో దళిత పిల్లల్ని బడి గడప దాటించడానికి అక్కడి దళిత నాయకుడు అయ్యంకాళి ఎంతో కొట్లాడాల్సి వచ్చింది. కానీ 2011 జనాభా లెక్కల్లో కేరళ అక్షరాస్యత 94 శాతం, మన ఉమ్మడి రాష్ట్రానిది 67. పిల్లకి టీకా ఎప్పుడు వేయించాలో కార్డు చదివి తెలుసుకునే తల్లులు ఎక్కడ ఎక్కువుంటారో ఆ అంకెలే చెబుతాయి. మన దగ్గర రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హా, ఆమె తోటివాళ్లు పనిలో ఉన్న పిల్లల్ని వేలకొద్దీ బడిలో చేర్చారు. ఆ పనికే 2003లో ఆమెకి మెగసెసే అవార్డు వచ్చింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల సూత్రం. పేదవాళ్లు పిల్లల్ని చదివించాలనుకోరు అన్న అపోహని వాళ్ల అనుభవం కొట్టేసింది. ‘మా ఊళ్లో పిల్లలంటే బడికే’ అన్నది మామూలు సంగతైతే చాలు, అందరూ పంపుతారు. ఊళ్లో బడి మూతపడితే ముందు ఆగేది ఆ మామూలే. మీ పాప టౌన్‌కి పోతుంది. ఆటో డబ్బులు లేని ఇంటి పిల్ల చెల్లెల్ని ఎత్తుకుని ఇంట్లో ఉంటుంది, ఏడో తరగతి వయసు వచ్చేసరికి సంబంధాలు చూస్తారు.

ఇంత చెప్పాక, మీ రెండో ప్రశ్నకి నా జవాబు: లేదు. బడిని నిలబెట్టే పూచీ ఒకటో తరగతి పిల్లది కాదు. టీచర్ పోస్టు కోసం పాపని అంకెగా మార్చక్కర్లేదు. 2015లో అలహాబాద్ హైకోర్టు, ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లు, ప్రజాప్రతినిధులు తమ పిల్లల్ని ప్రభుత్వ బడులకే పంపాలని ఉత్తరప్రదేశ్‌కి ఆదేశమిచ్చింది. అది అమలు కాలేదు. ఆ పెద్దలు మోయని బరువు మీ మీద వేసుకుని నిద్ర పాడుచేసుకోవద్దు. నోరున్నవాళ్లందరూ వెళ్లిపోయిన బడి గురించి అడిగేవాళ్లుండరన్నది నిజమే, కానీ మీ పాప చదువు సాగుతుందన్న నమ్మకం కుదిరాకే మిగతాది.

నమ్మకం కుదిరితే నేనైతే పాపని ఊరి బడిలోనే వేస్తాను. ఒకటి, రెండు తరగతుల పిల్లకి రోజూ గంటన్నర బస్సు కన్నా ఇంటి పక్క బడి, వేడన్నం, తెలుగు అర్థమయ్యే పాఠం మేలు. వేసిన రోజే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో చేరతానని చెప్పండి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లుండాలి అని చట్టంలోనే ఉంది. పది చదివిన తల్లి దొరికితే మేడమ్‌కి పండగే. ఇద్దరు టీచర్లుండాలన్న రూలు చూపించి తీర్మానం రాసి, సంతకాలు పెట్టించి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్క మేడమ్ అడిగితే అది ఉద్యోగి గోడు, కమిటీ అడిగితే ఫైల్లో కాగితం.

బాబుని ఈ ఏడాదే లాగేయమనను, వాడికి స్నేహితులుంటారు. ఐదు అయ్యాక ఆరులో జెడ్పీ హైస్కూలు సంగతి ఇప్పుడే ఇంట్లో అనుకోండి. గవర్నమెంటు బడిలో ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాయొచ్చు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు స్కాలర్‌షిప్. పది తర్వాత నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల సీట్లకి గవర్నమెంటు బడి పిల్లలకి అదనంగా మార్కులు కలుపుతారు. ప్రైవేటు బడిలో ఉంటే ఈ రెండూ ఉండవు.

డబ్బు దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. పాప మీద మిగిలే ఫీజు వెళ్లి బాబు ఫీజులో కలవకూడదు. పోస్టాఫీసులో పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి ఏటా ఎంతో కొంత అందులో వేయండి. పిల్లకి పదేళ్లు నిండేలోపు తెరవాలి, కాబట్టి ఇంకా టైముంది. తల్లికి వందనం డబ్బు ఏ బడిలో వేసినా మీ ఖాతాకే వస్తుంది, దాన్ని చూసి బడి ఎంచుకోకండి.

బడికి వెళ్లేటప్పుడు మీవారిని వెంటబెట్టుకు వెళ్లండి. ఏదీ తేల్చని మనిషి అన్నారు కదా, రెండో తరగతి పిల్ల చదువుతుంటే వింటే ఆయనకీ ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. చూసొచ్చాక మళ్లీ రాయండి. పక్క ఊళ్లో తరగతికో టీచర్ ఉన్న బడి ఎంత దూరమో, మేడమ్ సెలవు పెట్టిన రోజు బడికి ఎవరొస్తున్నారో ఆ రెండూ మర్చిపోకుండా రాయండి, నా సలహా సగం వాటి మీదే ఉంది.